చూచి చేయవలసిన సంతకము

నాయకత్వమన్న మాట వినగానే మన సోదరీమణులలో పలువురు, "అది సభలలో పూలదండలు వేయించుకొనువారి సంగతి, వంటయింటివారి కేల?" అని ప్రక్కకు తొలగుదురు. ఈ మాసమున ఆ తలంపునే కొంచెము పరిశీలింప దలచితిమి. ఏలయన, నేడు మన తెలుగునాట సర్పంచి పదవులలో సగము స్త్రీలకే కేటాయింపబడి యున్నవి. పొదుపు సంఘముల లెక్కల పుస్తకములు స్త్రీల చేతులలో నున్నవి. పదవి తానై వచ్చి తలుపు తట్టుచుండగా, ఇది మనది కాదనుట చెల్లదు.

మహాభారత శాంతిపర్వమున అంపశయ్యపై నున్న భీష్ముడు ధర్మరాజునకు రాజధర్మము బోధించుచు ఒక చక్కని పోలిక చెప్పెను. గర్భవతియైన స్త్రీ తన మనసునకు ప్రియమైనదానిని విడిచి, గర్భమునందలి శిశువునకు ఏది హితమో దానినే చేయును. రాజు ప్రజలయెడ అట్లే మెలగవలెనట. చూచితిరా! పురుషుల రాజనీతికి కొలబద్ద స్త్రీయొద్దనుండి తేబడినది. ఇక సభాపర్వమున నారదుడు ధర్మరాజును ప్రశ్నలమీద ప్రశ్నలు వేయును. సేనలకు భోజనము, జీతము వేళకు ముట్టుచున్నవా? పనివారలు చేయుపని యెట్టిదో నీ వెఱుగుదువా? ఇట్లు సాగు నా ప్రశ్నల సారము మాకు తోచినంతవఱకు ఒక్కటే: నీ పేరిట జరుగుదానిని నీవు చూచుచున్నావా?

ఈ ధర్మము గ్రంథములయందే నిలిచి పోలేదు. మేము నివసించు గోలేటి, సింగరేణి బొగ్గుగనుల ఊరు. 1889లో ఇల్లెందు ప్రాంతమున మొదలైన బొగ్గు త్రవ్వకము క్రమముగా గోదావరీ లోయ పొడవునను వ్యాపించి, మా ప్రాంతమునకును అన్నము పెట్టినది. ఇచ్చటి గృహములలో 'సర్దారు' అన్న మాట చిన్నపిల్లలకును తెలియును. అతడు పెద్ద యధికారి కాడు; జీతమును పెద్దది కాదు. కాని భూగర్భ గనిలో కార్మికులు పనిచోటికి పోకముందే అతడు పోయి చూడవలెను. విషవాయువు లున్నవేమో పరీక్షింపవలెను. పైకప్పును తట్టి, ఆ ధ్వనినిబట్టి అది గట్టిదో గుల్లదో గ్రహింపవలెను. అపాయము కనబడెనా, కార్మికులను వెలుపలికి పంపి, ఆ చోటికి అడ్డు కట్టవలెను. అటుపిమ్మట తాను చూచినదానిని పుస్తకమున వ్రాసి, క్రింద సంతకము చేయవలెను. ఆ సంతకమును నమ్మియే పదులకొలది ఇండ్లలోని తండ్రులు, కొడుకులు చీకటిలోనికి దిగుదురు.

బొగ్గు ఎక్కువ తీయవలెనని పైనుండి తొందర పెట్టువా రుండవచ్చును. ఒక పూట పని నిలిచిన నష్టమని సణుగువారును ఉండవచ్చును. అట్టివేళ "ఇచ్చట పని వలదు" అని నిలువగలవాడే మా దృష్టిలో నాయకుడు. గనిలో ప్రమాదమన నేమో ఈ ప్రాంతపు స్త్రీలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 2003 జూన్ 16వ తేదీన గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు విరుచుకొని వచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. అందలి కారణములు విచారించుట మా పని కాదు. ఇటువంటి చోట చూడని సంతకమునకు వెల ఎంతయో మాత్రము అట్టి దినములు తలచుకొనిన బోధపడును.

1952 నాటి గనుల చట్టము స్త్రీలు భూగర్భ గనిలో పనిచేయరాదని నిషేధించెను. 2019లో కేంద్రప్రభుత్వము సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ కార్యములకై, వారి లిఖితపూర్వకమైన సమ్మతితో, పగటివేళ స్త్రీలు దిగుటకు అనుమతి నిచ్చినది. కనుక అట్టి పుస్తకములలో స్త్రీల సంతకములును ఉండు కాలము వచ్చినది. ఆ సంతకమునకు సిద్ధపడు విద్య మన యాడుబిడ్డలకు ఇంటనే ఆరంభము కావలెను.

అట్లు సిద్ధపడిన యొక బాలికను స్మరింతము. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున పదునాలుగేండ్ల దుర్గాబాయి సేవకురాలుగా నిలిచెను. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆమెకు ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకయే రాగా, ఆమె ఆయనను నిలిపివేసెను. నిర్వాహకులు కోపించిరి, ఆమె చలింపలేదు. టిక్కెట్టు కొని యిచ్చిన తరువాతనే ఆయన లోనికి పోయెను. ఆమె కర్తవ్యనిష్ఠను నెహ్రూ మెచ్చుకొనెను. ఆ బాలికయే 1937లో మదరాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించినది. రాజ్యాంగ పరిషత్తున సభ్యురాలైనది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైనది. ఈ పదవులన్నిటికిని పునాది ఆ ద్వారముకడనే పడినదని మా నమ్మకము. నియమము పెద్దలకొకటి, పిన్నలకొకటి కారాదని ఆమె నోటితో ఉపన్యసింపలేదు. అడ్డముగా నిలిచి చూపెను.

ఇప్పుడు మన పల్లెల వంక చూతము. 73వ రాజ్యాంగ సవరణము 1993లో అమలునకు వచ్చి, పంచాయతులలో మూడవవంతునకు తక్కువ కాకుండ స్త్రీలకు స్థానము కల్పించెను. కాని కుర్చీ భార్యది, కూర్చుండువాడు భర్త యైన చోట్లు నేటికిని కలవు. 'సర్పంచి పతి' అను నొక బిరుదు ఏ చట్టమునను లేకయే పుట్టినది! మాకు తెలిసిన యొక పల్లెలో సర్పంచమ్మ కాగితములను వంటయింటిలోనే, పొయ్యిమీద పాలు పొంగకుండ చూచుకొనుచు, సంతకము చేయుచుండెడిది. చేతిపంపు బాగుచేసినట్లు ఒక బిల్లు వచ్చెను, సంతకము పడెను. మఱునాడు నీటికి పోయిన స్త్రీలు, "అమ్మా, పంపు పిడియే లేదు గదా, బాగయిన దెట్లు?" అని యడిగిరి. ఆమెకు సమాధానము లేకపోయెను. నాటినుండి ఆమె, "కన్నులార చూచిన గాని కలము పట్టను" అని ఇంట చెప్పినది. కొన్ని దినములు ఇంట మాటలు లేవు. గుత్తదారు మూడుమాఱులు తిరిగిపోయెను. తుదకు పంపునకు పిడి వచ్చెను, నీరును వచ్చెను. ఆమె చదివినది ఐదవ తరగతియే.

ఇందు భర్తలను నిందించుట మా యుద్దేశము కాదు. తెలిసినవారి సలహా నడుగుట అవివేకము కాదు. సంసారమున భార్యాభర్తలు ఒకరికొకరు తోడు. కాని తోడుండుట వేఱు, బదులుండుట వేఱు. తెలంగాణమున 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రకారము పంచాయతి చెక్కుమీద సర్పంచియు ఉపసర్పంచియు ఇరువురును సంతకము చేయవలెను. రేపు లెక్క తప్పినచో అధికారులు అడుగునది ఆ సంతకము చేసినవారినే; ప్రక్కనుండి చేయించినవారిని కాదు. అధికార మొకరిది, అపరాధ మొకరిది యగుట స్త్రీకి గౌరవము కాదు, ఉచ్చు.

పదవి లేని సోదరీమణులకును ఇది వర్తించును. ఇంట పనిచేయు మనిషికి జీతము చెప్పిన తేదీన ఇచ్చుచున్నామా? పిల్లలను పుస్తకము ముందు కూర్చుండబెట్టి మనము బొమ్మల పెట్టె ముందు కూర్చుండుచున్నామా? పొదుపు సంఘపు పుస్తకమున వ్రాసిన సొమ్మును, పెట్టెలో నున్న సొమ్మును సరిపోల్చుచున్నామా? బడి పంపిన మార్కుల కాగితమును చదివియే సంతకము చేయుచున్నామా? మా యింటివారు ఉపాధ్యాయులు. కొందఱు తలిదండ్రులు ఆ కాగితమును చూడకయే చేవ్రాలు చేసి పంపుదురని వారు తఱచు చెప్పుచుందురు. బిడ్డ ఆ చేవ్రాలును చూచి నేర్చుకొను పాఠము బడిలో ఏ పంతులును చెఱపలేడు.

సోదరీమణులారా, మీ కొక మనవి. ఈ మాసమున మీ యొద్దకు ఏ కాగితము వచ్చినను, చదువుడు. చదువ రానిచో చదివించుకొనుడు. వలసినచో లేచి పోయి ఆ చోటిని చూచి రండు. ఆ పిమ్మట సంతకము చేయుడు. సరిగా లేనిచో కలము క్రింద పెట్టుడు.