ముసలి అంబాసిడర్‌కి ముందు బ్రేకులు, తర్వాతే రంగులు

మా బోధన్ వైపు ఇప్పటికీ అక్కడక్కడా ఇంటి ముందు అంబాసిడర్ కనిపిస్తుంది. ఉత్తరపారా ఫ్యాక్టరీలో దాని తయారీ 2014లోనే ఆగిపోయింది. అంటే ఆఖరి బండికీ పదేళ్ళు దాటాయన్నమాట! ఉంచుకోవాలనుకుంటే, డబ్బు ముందు దేనికి పెట్టాలో తెలియాలి కదండీ.

చాలామంది మొదట రంగు వేయిస్తారు, సీటు కవర్లు మారుస్తారు. కానీ చెరుకు లారీ ఎదురొచ్చినప్పుడు మనల్ని కాపాడేది రంగు కాదు, బ్రేకు.

* బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. రెండేళ్ళకోసారి మార్పించండి.

* టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. పదేళ్ళు దాటితే అరగకపోయినా మార్చేయాలి. స్టెప్నీ కూడా చూడండి.

* వానాకాలంలో కాళ్ళ కింది మ్యాట్లు ఎత్తి ఆరబెట్టండి. తడి నిలిస్తే అడుగు రేకు తుప్పు పడుతుంది.

* బ్యాటరీ టెర్మినళ్ళ మీద తెల్లటి పొడి పేరుకుంటే, ఇంజను ఆపి, వైర్లు మెకానిక్‌తో విప్పించి, వంటసోడా నీళ్ళలో ముంచిన బ్రష్‌తో రుద్ది, ఆరాక వ్యాజిలిన్ రాయండి.

* రేడియేటర్ మూత కుక్కర్ మూతలాంటిదే. చల్లారాకే తీయాలి.

* పదిహేనేళ్ళు నిండిన బండికి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ తేదీ క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.

ఇవన్నీ అయ్యాక డబ్బు మిగిలిందా? అప్పుడు మీకు నచ్చిన రంగు వేయించుకోండి!