తీరంలో ఒక్క పూట

మా దామరచర్ల వారికి తెలిసిన పెద్ద నీరు వాడపల్లి వద్ద మూసీ కృష్ణలో కలిసే చోటే. అటువంటి ఊరి నుండి, మా వద్ద చదువుకున్న ఒక యువకుడు తల్లిని, భార్యాబిడ్డలను వెంటబెట్టుకుని చెన్నైలో విహార నౌక ఎక్కాడు. 2022 జూన్‌లో చెన్నై నుండి విశాఖకు అలాంటి నౌక రావడం మొదలైంది. 2023లో విశాఖ రేవులో వాటికోసం ప్రత్యేక టెర్మినల్ కూడా ప్రారంభమైంది. తిరిగివచ్చాక అతను మమ్మల్ని కలిసి, "హజ్రత్, విశాఖలో దిగిన ఆ ఒక్క రోజు మనసులో ముల్లులా గుచ్చుకుంటోంది" అన్నాడు.

డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా నౌక రేవు చేరింది. సాయంత్రానికి మళ్లీ ఎక్కాలి. కైలాసగిరి చూశారు. 2001 వరకు నౌకాదళంలో పనిచేసి ఇప్పుడు ప్రదర్శనశాలగా మారిన కురుసుర జలాంతర్గామిని చూశారు. బజారులో సామాను కొన్నారు. మోకాళ్ల నొప్పులున్న తల్లి కోరినది ఒక్కటే: సముద్రపు నీటిలో పాదాలు తడుపుకోవాలని. "చివర్లో వెళ్దాం, అమ్మీ" అన్నాడు. జలాంతర్గామి ఉన్నది సముద్రపు ఒడ్డునే. అయినా ఆమె కారులోనే కూర్చుండిపోయారు. చివరికి సమయం మిగలలేదు. జుహర్, అసర్ నమాజులూ తప్పిపోయాయి. తల్లి ఒక్క మాట అనలేదు. అతణ్ణి బాధించినది ఆ మౌనమే.

ఇమామ్ గజాలీ (రహ్మలై) 'కీమియాయె సఆదత్'లో ఇహలోకాన్ని ఇలాంటి మజిలీతోనే పోల్చారు. నౌక ఒక దీవి వద్ద ఆగుతుంది. త్వరగా రమ్మని నావికుడు హెచ్చరిస్తాడు. కొందరు అవసరం తీర్చుకుని వెంటనే వచ్చి విశాలమైన చోట కూర్చుంటారు. కొందరు వింతలు చూస్తూ ఆలస్యం చేసి ఇరుకులో సర్దుకుంటారు. ఇంకొందరు రంగురాళ్లు, పూలు మోసుకొచ్చి, వాటి బరువు కింద నలుగుతారు. మిగిలినవారు నౌకనే మరచిపోతారు. గమనించండి, దీవిని చూడడం తప్పని ఆయన అనలేదు. దిగినది ఎందుకో మరచిపోవడమే నష్టం.

ప్రయాణికుడికి షరీఅత్ ఎంతో సౌలభ్యం ఇచ్చింది. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం 48 మైళ్లు, అంటే సుమారు 77 కిలోమీటర్లు దాటే ప్రయాణానికి ఊరు విడిచి, ఒకచోట 15 రోజులకన్నా తక్కువ ఉండదలచినవారు జుహర్, అసర్, ఇషా ఫర్జ్ నమాజులను రెండేసి రకాతులే చేస్తారు. ఫజ్ర్, మగ్రిబ్ యథాతథం. స్థానిక ఇమామ్ వెనుక నిలబడితే మాత్రం పూర్తిగా చేయాలి. రెండు రకాతులకు పట్టేది కొద్ది నిమిషాలే. వరుసలో నిలబడే ముందు వేళ చూసుకుంటే చాలు.

తప్పిపోయినవాటికి తౌబా చేసి, రెండేసి రకాతుల చొప్పున ఖజా చేయమని అతనికి చెప్పాము. ప్రయాణంలో తప్పిన నమాజుకు ఇంట్లో చేసే ఖజా కూడా రెండు రకాతులే. "మరి అమ్మీ విషయం?" అని అడిగాడు. "బాపట్ల పక్కన సూర్యలంకలో ఉన్నదీ సముద్రమే కదా నాయనా" అన్నాము.

గత నెలలో తీసుకువెళ్లాడు. ఆమె కొడుకు భుజం పట్టుకుని నీటిలో చాలాసేపు నిలబడ్డారట. ఈసారి సామాను ఏమీ కొనలేదు. అసర్ వేళ కాగానే ఇంటిల్లిపాదీ ఇసుక మీదే నమాజు చేసుకుని తిరుగు ప్రయాణమయ్యారు.