తెలీదమ్మా, రేపు చూసి చెప్తాను

ఈ వారం వంటింట్లోంచి కాస్త కాలేజీ దాకా వెళ్ళొద్దాం రండి.

మా పెద్దమ్మాయి ఈ ఏడే ఓ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బోటనీ లెక్చరర్‌గా చేరింది. రోజూ గజపతినగరం నుంచి బస్సులో వెళ్ళొస్తుంది. ఆమధ్య ఓ సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చింది. అన్నం సయించలేదు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. కొండవార పల్లె నుంచి వచ్చే ఓ పిల్ల, "మామిడి కొమ్మల చివర కాస్తుంది కదా మేడమ్, పనస మానుకే ఎందుకు కాస్తుంది?" అని అడిగిందట. దీనికి జవాబు తెలీదు. తెలీదంటే చులకనైపోతానని భయం. "సిలబస్‌లో లేనివి అడక్కు, కూర్చో" అందట. క్లాసంతా నవ్వారట. ఆ పిల్ల మర్నాటి నుంచీ రావడం లేదు.

నేను ఇంటర్‌తో చదువాపినదాన్ని. బోటనీ నాకేం తెలుసు? కానీ అరిసెలు తెలుసు. పెళ్ళయిన కొత్తలో నేను వేసిన అరిసెలు నూనెలో విడిపోయాయి. మా అత్తగారు తిట్టలేదు. "పాకం నీళ్ళలో వేసి చూశావా? ఉండ కట్టిందా?" అన్నారు. పాకం లేతదైతే అరిసె విడిపోతుంది, ముదిరితే గట్టిపడుతుంది. విరిగిన అరిసె చూసే ఆవిడ నా తప్పెక్కడో పట్టుకున్నారు. పిల్లల పేపర్లో తప్పూ అంతే. ఎక్కడ పాకం కుదరలేదో చెప్తుంది. ఎర్ర ఇంకుతో కొట్టేసి ఊరుకుంటే ఏం తెలుస్తుంది?

ఇక తెలీదనడం చిన్నతనమా? మన గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోండి. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో మొదట స్కూల్లో, తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పారు. అంతటి మాస్టారు, సవర భాష రాదని ఒప్పుకుని, ఆ భాష వచ్చినవాళ్ళ దగ్గరే శిష్యుడిలా నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. చులకనయ్యారా మరి?

అమ్మాయితో అదే అన్నాను. అది పుస్తకాలు తిరగేసింది. పనస పూమొగ్గలు ముదురు బెరడులోంచే పుడతాయట. అంత బరువు మోయాలంటే మానుకే బలమని కొందరంటారట గానీ, ఎందుకలా అన్నదానికి పండితులే తలో మాట చెప్తారట. ఆ పిల్లకి స్నేహితురాలి చేత కబురంపింది. వచ్చాక క్లాసందరి ముందూ, "ఆ రోజు నాకు తెలీదు. తెలీదనకుండా నిన్ను కసిరాను, తప్పు నాది" అందట.

ఆ పిల్ల మళ్ళీ ఏమీ అడగలేదట ఇంకా. ఒక్క మాటతో మూసుకున్న నోరు అంత తొందరగా తెరుచుకుంటుందా? కానీ రోజూ వస్తోంది. అదే పదివేలు.

మీ పిల్లలూ స్టవ్ దగ్గర నిలబడి ఏదో అడుగుతారు. "పోవే, పనుంది" అనకండి. "నాకూ తెలీదమ్మా, చూద్దాం పద" అనండి.

వచ్చే వారం ఆవ పెట్టిన పనసపొట్టు కూరతో కలుద్దాం.