స్కానింగు కన్నా ముందు తల్లి మాట

కొడుకుకు ఒక వృషణం సంచిలోకి దిగలేదని హసన్‌పర్తిలో ఒక తల్లి ఏడాది లోపే గమనించింది. "మగపిల్లగాడు, పెద్దగైతే అదే దిగుతది, ఎవరికీ చెప్పకు" అంది అత్త. నాలుగేళ్లు గడిచాక లోపం ఆమె కడుపుదేనన్నారు. రక్తప్రసరణ చూసే డాప్లర్ స్కానింగు కోసం రెండు రోజుల కూలి పోగొట్టుకుని తిరిగింది.

నెలలు నిండి పుట్టిన మగపిల్లల్లో దాదాపు నూటికి ముగ్గురికి ఇలా ఉంటుంది. చాలామందికి ఆరు నెలల లోపే వృషణం దిగుతుంది. ఆ తర్వాత దానంతటది దిగడం అరుదు. 18 నెలల లోపు ఆపరేషన్ జరగాలి. ఆలస్యమైతే సంతాన సామర్థ్యం తగ్గుతుంది, కాన్సర్ ముప్పు పెరుగుతుంది.

ఆపరేషన్ తర్వాత వృషణానికి రక్తం అందుతోందో లేదో డాప్లర్ చూపగలదు. కానీ మొదట కావలసింది అనుభవమున్న డాక్టరు చేత్తో చేసే పరీక్ష. స్కానింగులో కనబడనంత మాత్రాన వృషణం లేదని కాదు. సర్జన్ దగ్గరికి పంపే ముందు మామూలుగా స్కానింగు అక్కర్లేదని అమెరికా యూరాలజిస్టుల సంఘం 2014లోనే చెప్పింది.

ఇదే యంత్రంతో ఆడపిండాలను వెతికినందుకే 1994లో లింగనిర్ధారణ నిరోధక చట్టం తెచ్చుకోవలసి వచ్చింది. మగబిడ్డ కోసం అంతగా ఆరాటపడే సమాజమే, పుట్టినవాడి శరీరం గురించి మాట్లాడడానికి సిగ్గుపడుతోంది. ఆ సిగ్గునూ, నిందనూ మోసేది తల్లే.

తొమ్మిదో నెల టీకా రోజున ప్రతి మగబిడ్డనూ చేత్తో పరీక్షించాలని మన సంఘాలు అడగాలి. దానికి యంత్రం అక్కర్లేదు. తల్లి చెప్పింది వినే ఓపిక చాలు.