కొలువొకచోట, కాపురమొకచోట

తెలంగాణమున 2016 అక్టోబరు 11వ తేదీని, విజయదశమినాడు, పది జిల్లాలు 31 అయినవి. 2019లో ములుగు, నారాయణపేట చేరగా లెక్క 33కు పెరిగినది. ఆంధ్రప్రదేశమున 2022 ఏప్రిల్ 4వ తేదీని 13 జిల్లాలు 26 అయినవి. నిన్నమొన్నటి వరకు సంతకో, బొగ్గుగనికో పేరుపడిన యూళ్లు జిల్లా కేంద్రములైనవి. కచేరీలు వెలసినవి, ఉద్యోగములు వచ్చినవి. ఉద్యోగులలో పెక్కురు మాత్రము ప్రొద్దుటి బస్సున వచ్చి సాయంకాలపు బస్సున మరలిపోవుచున్నారు.

మాకు పరిచితుడగు నొక యువ ఇంజనీరునకు భూపాలపల్లిలో ఉద్యోగమైనది. కాపురము హనుమకొండలో. భార్య అచ్చటనే యొక బడిలో ఉపాధ్యాయిని; బిడ్డ రెండవ తరగతి; తల్లిని నెలనెలా వైద్యునకు చూపవలెను. మకాము మార్చుటయా, మానుటయా యని ఆతడు మమ్మడిగినాడు. ఇది ఆతనియొక్కని ప్రశ్న కాదు గనుక ఇచ్చట విచారించుచున్నాము.

రెండూళ్లకు నడుమ దూరము సుమారు డెబ్బది కిలోమీటర్లు. బస్సునకై వేచియుండుటతో కూడ పోను రెండు గంటలు, రాను రెండు గంటలు అనుకొందము. నెలకు ఇరువదియైదు పనిదినములకు నూఱు గంటలు. దినమునకు ఎనిమిది గంటల చొప్పున పండ్రెండున్నర దినముల పని. జీతము లేని యీ రెండవ కొలువు బస్సు కిటికీ ప్రక్కన సాగుచుండగా, బిడ్డ నిద్రలేవకముందు తండ్రి వెడలును, నిద్రించిన పిమ్మట ఇల్లు చేరును. కాపురము నిలుపుకొనుటకే యిట్లు తిరుగుచున్నానని ఆతడనుకొనుచున్నాడు.

ఊరివారి నష్టము వేఱు. ప్రసవవేదన కచేరీ వేళలు పాటింపదు. పాముకాటు ఆదివారమని ఆగదు. వైద్యుడు చివరి బస్సు అందుకొన్న రాత్రి గర్భిణిని డెబ్బది కిలోమీటర్లు మోసికొని పోవలసినవారు ఆమె బంధువులే. మా యభిప్రాయమున ఉద్యోగి ఏ యూరివాడో హాజరుపట్టీ చెప్పజాలదు. రాత్రి ఆతడెచ్చట నిద్రించునో అదియే చెప్పును.

అయినను దోషమంతయు ఉద్యోగులపై మోపుట న్యాయము కాదు. కేంద్రప్రభుత్వోద్యోగులకు 2024 జనవరి నుండి నిర్ణయింపబడిన ఇంటియద్దె భత్యము చూడుడు: మహానగరములలో మూలవేతనముపై నూటికి 30, నడిమి తరగతి నగరములలో 20, తక్కిన యూళ్లలో 10. చిన్న యూర అద్దె తక్కువయే కావచ్చును. పిల్లల చదువునకై పట్నమున నిలుపవలసిన రెండవ యింటి అద్దెను, జబ్బుచేసిన ప్రతిసారి కావలసిన బండి బాడుగను ఏ లెక్కలో చేర్తురు?

మన్యప్రాంతమున చిక్కు మఱింత గట్టిది. విశాఖపట్టణమునకు నూఱు కిలోమీటర్లకు మించిన దూరమున, ఘాటుదారి పైనున్న పాడేరు 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమైనది. 2024లో అచ్చట 50 సీట్లతో వైద్యకళాశాల తరగతులు మొదలైనవి. 1/70 చట్టముచే అచ్చటి భూమి గిరిజనేతరులకు అమ్ముడుపోదు. అది గిరిజనుల రక్షణకై యేర్పడినది, ఉండవలసినదే. కాని సొంత యిల్లు కొనరాని చోట సర్కారే వాసగృహములు కట్టవలెను గదా! కచేరీ భవనమునకు ముందు క్వార్టర్లు కట్టియుండిన బాగుండెడిది.

పాఠకులలో ఇండ్లుగలవారు అనేకులు కలరు. వారితో నొక మాట. క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడు అద్దెయిల్లు అడిగినప్పుడు మనవా రడుగు మొదటి ప్రశ్న యేది? కులము. రెండవది, మాంసము తిందురా యని. నలుబదియిండ్లు తిరిగి విసిగినవాడు సాయంకాలపు బస్సెక్కినచో, మఱునాడు మనమే ‘అయ్యవారు ఊర నుండరు’ అని అర్జీ వ్రాయుదుము. ఇంతకంటె వింత యేమున్నది?

చిన్న యూళ్లకు పెద్దవారు రారనుట చరిత్ర కెదురు. 1915లో అనిబిసెంటు మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల నెలకొల్పెను. ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ వచ్చి అచ్చట పనిచేసెను. 1919లో రవీంద్రనాథ ఠాకూరు అచ్చట విడిసి, తన జనగణమన గీతమును ఆంగ్లమున ననువదించెను. అదే 1915లో సమీపమున ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము వెలసినది. డెన్మార్కు దేశపు వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ ఏండ్ల తరబడి రోగుల దాపుననే నివసించి చికిత్స చేసెను. ఊరు పెద్దదైన పిదప వారు రాలేదు.

ఇక మా మిత్రుని ప్రశ్న. భార్య తన కొలువు మానుకొని వెంటరావలెనని మేము చెప్పజాలము. ఆమె జీతమును, ఆమె బడిపిల్లలును లెక్కలోనివే. ఆతడు ముందుగా రెండు గదులు అద్దెకు తీసికొని వారమున ఐదు రాత్రులు భూపాలపల్లిలోనే యుండవలెను. ఒక విద్యాసంవత్సరము గడచిన పిదప మిగిలినవారి మాట ఇద్దఱును కూర్చుండి తేల్చుకొనవచ్చును. ఇంతమాత్రము కూడ పొసగదని తోచినచో ఆ కొలువును ఇంకొకరికి విడుచుటయే మర్యాద.

ఆతడు మొన్న సెలవునాడు ఇల్లాలితో కూడ పోయి ఊరు చూచి వచ్చినాడు. ఆతడు బడులను గూర్చి, ఆసుపత్రిని గూర్చి విచారించుచుండగా, ఆమె యింటివారిని అడిగినదట: కుళాయి నీళ్లు ఏ వేళకు వచ్చునని. మా కీ ప్రశ్న మిక్కిలి సబబుగా తోచినది.