వెనకసీట్లో మధ్యన ఎవరు?

కార్తిక పౌర్ణమికి మంగినపూడిలో సముద్రస్నానం, చిలకలపూడిలో పాండురంగస్వామి దర్శనం. విజయవాడ నుంచి కార్లో దాదాపు డెబ్భై కిలోమీటర్లు. ముందు అమ్మానాన్నా, వెనక తాతయ్యా నానమ్మా, మధ్యలో పిల్లాడు. మరి ఆ పిల్లాడు ఇంటర్‌కొస్తే? కారు కొనేముందే ఆలోచించాల్సిన సంగతిది.

2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్లలోపు, చిన్న ఇంజిన్ కార్లకు ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. దాంతో సెడాన్ల డిక్కీ కురచైంది. 2024 డిజైర్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. మిడ్‌సైజ్‌లో 2023 వెర్నాది 4,535. తేడా 54 సెంటీమీటర్లు. అదంతా మోకాళ్లకే దక్కుతుందా అంటే, లేదు. ముందు వెనక చక్రాల మధ్య దూరంలో తేడా 22 సెంటీమీటర్లే. డిక్కీ మాత్రం 382 లీటర్ల నుంచి 528కి పెరుగుతుంది. ఇక బయటి వెడల్పులో తేడా మూడంటే మూడు సెంటీమీటర్లు! అంటే పెద్ద కారులో కాళ్లు చాపుకోవచ్చు, సామాను పెట్టుకోవచ్చు. వెనక ముగ్గురు కూర్చుంటే మాత్రం భుజాలు రాసుకోక తప్పదు.

సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్లు పైకి లేచి తొడలకు ఆసరా ఉండదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు దిగడమూ కష్టమే.

అందుకే షోరూమ్‌కి ఇంటిల్లిపాదీ వెళ్లండి. డ్రైవర్ సీటు మీకు సరిపడా జరిపి, దాని వెనకే కూర్చోండి. నానమ్మను రెండుసార్లు ఎక్కించి దింపండి. పావుగంట మధ్యలో మీరే కూర్చుని చూడండి. రంగు సంగతి ఆ తర్వాత!