పిట్ట వాలే చెట్టు ఏదీ?

మా మేనత్త పరమపదించిన మూడవనాడు పాతబస్తీలోని ఒక రుద్రభూమికి వెళ్ళాము. అస్థిసంచయనం ముగిసింది. ఆమెకు ఇష్టమైన పదార్థాలన్నీ విస్తరిలో వడ్డించి, పురోహితులు చూపిన చోట ఉంచి, పదడుగులు వెనక్కు జరిగి నిలబడ్డాము. మన తెలంగాణ కుటుంబాలలో దీనిని 'పిట్టకు పెట్టడం' అంటారు. పిట్ట వచ్చి ముట్టితే పోయిన ప్రాణం తృప్తి పొందినట్లు. ఆ రోజు పిట్ట రాలేదు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. మనుమరాలి పెళ్ళి బాధ్యత మాదేనని ఒకరు, తమ్ముళ్ళతో కలహించనని మరొకరు వరుసగా మాట ఇస్తూ దండం పెట్టారు. అరవై ఏళ్ళ మా బావ చిన్నపిల్లవాడిలా "అమ్మకు ఏమి తక్కువ చేశానో" అని కంటనీరు పెట్టుకున్నాడు. పురోహితులు తల ఎత్తి చుట్టూ చూసి నెమ్మదిగా అన్నారు: "ఆమెకు కోరిక ఏదీ మిగల్లేదు బాబూ. కాకికి కూర్చునే కొమ్మ లేదు."

అప్పుడు నేనూ చుట్టూ చూశాను. దహనవేదికల పైన రేకుల కప్పు ఉంది. నేలంతా సిమెంటు పలకలు ఉన్నాయి. దాతల పేర్లు చెక్కిన పాలరాళ్ళు కూడా ఉన్నాయి. చెట్టు మాత్రం లేదు. కప్పు వేసేటప్పుడు అడ్డం వచ్చిందని కొట్టివేసిన వేపచెట్టు మొదలు ఒక మూల మిగిలి ఉంది. చివరకు కాకి వచ్చింది. ప్రహరీకి ఆవలనున్న ముస్లిముల ఖబరస్తాన్‌లోని వేపచెట్టు మీదినుండి వచ్చింది. విస్తరి ముట్టి, మళ్ళీ ఆ చెట్టు మీదికే వెళ్ళిపోయింది.

అప్పటినుండి ఒక వాదం చెవిన పడినప్పుడల్లా ఆ వేపచెట్టే నాకు గుర్తుకు వస్తున్నది. పాతబస్తీలో ఎక్కడైనా నాలుగు గుంటల ఖాళీ స్థలం కనబడితే చాలు, కాలనీవాసులు రెండు పక్షాలవుతారు. పిల్లలకూ వృద్ధులకూ గాలి లేదు, చెట్లు నాటి ఉద్యానం చేయమని ఒక పక్షం అడుగుతుంది. ఉన్న శ్మశానం నిండిపోయింది, దీనిని పోయినవారికి కేటాయించమని రెండవ పక్షం అడుగుతుంది. బ్రతికినవారికే దిక్కు లేనప్పుడు చచ్చినవారికి చోటెందుకని ఒకరు అంటే, మీ ఇంట్లో ఎవరూ పోరా అని మరొకరు అడుగుతారు. రెండు వినతిపత్రాలూ నగరపాలక కార్యాలయానికి చేరతాయి. ఆ తగవు తేలేలోగా ఆ నాలుగు గుంటలలో ఎవరో గోడ లేపుతారు.

ఈ తగవు మన ధర్మంలో పుట్టినది కాదు. వనమూ శ్మశానమూ ఒకదానికొకటి పోటీ అని మన పెద్దలు ఎన్నడూ తలచలేదు. విరాటపర్వమే చూడండి. అజ్ఞాతవాసానికి బయలుదేరిన పాండవులు తమ ఆయుధాలను దాచడానికి విరాటనగరం వెలుపల ఒక చోటు వెదికారు. వారికి కనిపించినది శ్మశాన సమీపంలోని మహా శమీవృక్షం. నకులుడు ఆ చెట్టెక్కి ఆయుధాలను భద్రపరచాడు. ఎవరూ దగ్గరకు రాకుండా ఒక కళేబరాన్ని కొమ్మకు కట్టి, అది నూట ఎనభై ఏళ్ళు బ్రతికిన తమ తల్లి దేహమని, ఇది తమ కులాచారమని పశువుల కాపరులకు చెప్పారు. ఏడాది తరువాత ఆయుధాలు దింపమన్నప్పుడు రాకుమారుడైన ఉత్తరుడు శవాన్ని ముట్టనని వెనుకాడాడు. అర్జునుడు అతని శంక తీర్చి చెట్టెక్కించాడు. ఊరివారు భయపడి దూరంగా ఉన్న చోటులోని చెట్టే గాండీవాన్ని ఏడాదిపాటు కాపాడింది.

విజయదశమి సాయంకాలం మనం పూజించేది ఆ జమ్మినే. 2014లో తెలంగాణ రాష్ట్ర వృక్షంగా ఎంచుకున్నదీ దానినే. కానీ ఆ సాయంకాలం శాలిబండ, లాల్‌దర్వాజా, గౌలిపురా వీధులలో జమ్మి చెట్టు కోసం తిరిగి చూడండి. బజారులో కట్టలు కట్టి అమ్మే కొమ్మను కొని, దానినే మట్టిలో గుచ్చి ప్రదక్షిణ చేసే కుటుంబాలు ఎన్నో. వేళ్ళు లేని కొమ్మ చుట్టూ తిరిగి, ఆకు తెంపి 'బంగారం' అని పంచుకుంటున్నాం. శ్మశానంలో జమ్మి నాటితే ఆ చెట్టును పూజకు ముట్టవచ్చునా అని సందేహించేవారు ఉత్తరుడిని తలచుకోవాలి.

అక్కడి అధిదేవత కూడా పరాయివాడు కాదు. శివుడు శ్మశానవాసి. ఆయనకు ప్రీతి మారేడు దళం. హరిశ్చంద్రుడు సత్యపరీక్షకు నిలిచిన చోటూ కాటినేలే. పల్లెలలో పద్యనాటకం కాటిసీను మొదలయ్యేసరికి నిద్రపోయే పిల్లలను కూడా లేపి కూర్చోబెట్టేవారు. జాషువా శ్మశానవాటి పద్యాలు అక్కడ పాడుతుంటే కన్ను చెమర్చనివారు ఉండేవారు కారు. అటువంటి నేలను మనం ఇప్పుడు పని ముగించుకొని, కుళాయి కింద కాళ్ళు కడుక్కొని, వెనక్కు చూడకుండా బయటపడే చోటుగా మాత్రమే మిగిల్చాము.

మూసీని పెద్దలు ముచుకుందా నది అన్నారు. అనంతగిరి కొండలలో పుట్టి, ఈ నగరం నడుమగా ప్రవహించి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 1578లో కుతుబ్‌షాహీలు కట్టిన పురానాపూల్ దగ్గర దహనవాటిక ఉండడానికి కారణం నదీస్నానమే. ఆ నీటిలో ఇప్పుడు స్నానం చేయగలవారు లేరు, అస్థికలు పట్టుకొని ధర్మపురికో, కాళేశ్వరానికో, బీచుపల్లికో వెళుతున్నాము. అది వేరే దుఃఖం. అయితే ఈ నది ఒడ్డున చెట్టు విలువను నగరం ఒకసారి ప్రాణాలతో తెలుసుకొన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి వేలమందిని మింగినప్పుడు, అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది బ్రతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నిలిచి, ఆ సంగతిని శతాబ్దం దాటి గుర్తు చేసింది. నాటి నిజాం మహబూబ్ అలీ నదీమతల్లికి పసుపు కుంకుమలూ చీరా సమర్పించాడని పాతబస్తీ పెద్దలు చెబుతారు. ఆ చింతచెట్టుకు ఎవరైనా చీర పెట్టారో లేదో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఇక చట్టం మాట. 1993 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ నగరపాలక సంస్థలకు అప్పగించదగిన 18 పనులను పన్నెండవ షెడ్యూలులో చేర్చింది. అందులో 8వది పట్టణ వనాల పెంపకం, పర్యావరణ రక్షణ. 14వది ఖననవాటికలు, దహనవాటికలు, విద్యుత్ దహనవాటికలు. రెండూ ఒకే పట్టికలో, ఒకే ఇంటి బాధ్యతలుగా ఉన్నాయి. కానీ ఆచరణలో ఒకటి ఉద్యాన విభాగానికి, మరొకటి వేరొక విభాగానికి చేరి, ఒకరి నేలలో మరొకరు గునపం దించని స్థితి వచ్చింది. 2020 అక్టోబరులో శాసనసభ హైదరాబాద్ నగరపాలక చట్టాన్ని సవరించి, వార్షిక బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలని నిర్దేశించింది. శ్మశానాలకు అటువంటి వాటా ఏదీ లేదు. నేను కోరేది కొత్త పన్ను కాదు, కొత్త పథకమూ కాదు. ఆ పది శాతంలో ఒక పాలు పాతబస్తీ రుద్రభూములకూ ఖబరస్తాన్‌లకూ శ్రద్ధగా చేరాలి. నగరంలో చెట్లు నాటడానికి చోటు లేదని చెప్పే అధికారి ఒక్కసారి ఈ ప్రహరీల లోపలికి వచ్చి చూడాలి.

మన పల్లెలు ఈ విషయంలో నగరంకన్నా ముందున్నాయి. 2019 సెప్టెంబరులో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమంలో ఊరూరా వైకుంఠధామం, ప్రకృతివనం నిర్మించాలని సంకల్పించారు. పన్నెండు వేలకు పైగా ఉన్న గ్రామపంచాయతీలలో అన్నీ బాగున్నాయని నేను అనను. కొన్ని చోట్ల మొక్కలు ఎండాయి, కొన్ని వైకుంఠధామాలు ఊరికి దూరమై వాడుకలోకి రాలేదు. అయినా చనిపోయినవారికీ చెట్టుకూ కలిపి లెక్క చూడాలన్న ఆలోచన సరైనది. పల్లెకు ఆ రెంటినీ వేర్వేరుగా పెట్టే నేల ఉన్నది. పాతబస్తీకి లేదు. అందుకే ఇక్కడ రెండూ ఒకే ఆవరణలో ఒదగాలి.

పెద్ద పచ్చదనం కావాలంటే బహదూర్‌పురాలో 1963లో తెరిచిన నెహ్రూ జంతుప్రదర్శనశాల ఉన్నదని అంటారు. నిజమే, దాని విస్తీర్ణం 380 ఎకరాలు. అక్కడికి టికెట్టు కొని ఏడాదికి ఒకసారి పోతాము. 2025 వసంతంలో కంచె గచ్చిబౌలిలోని 400 ఎకరాల చెట్లపై యంత్రాలు దిగినప్పుడు విద్యార్థులు అడ్డు నిలిచారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ నరికివేతను ఆపింది. ఆ వార్త చదివి మనమందరం సంతోషించాము. అదే మనం మన వీధి శ్మశానంలో కప్పు వేయడానికి వేపచెట్టు కొడుతుంటే కమిటీవారికి చందా రాసి ఇచ్చాము. ఆ పాలరాతి పలకలలో ఒకదానిపై మా కుటుంబం పేరు కూడా ఉన్నది.

ఎదురు ప్రశ్నలు లేకపోలేదు. చెట్టు చోటు తింటుంది కదా, ఖననానికి నేల తగ్గదా అంటారు. ఈ ప్రశ్న మనదీ, ముస్లిములదీ, క్రైస్తవులదీ కూడా. హిందువులందరూ దహనమే చేయరు. వీరశైవులు పూడుస్తారు, సన్న్యాసులకు సమాధి చేస్తారు, పసిపిల్లలను మట్టికే అప్పగిస్తారు, ఎన్నో కుటుంబాలలో తరతరాలుగా ఖననమే ఆచారం. చార్మినార్ నాటి మంత్రి మీర్ మోమిన్ కర్బలా మట్టి తెప్పించి నెలకొల్పాడని చెప్పుకొనే దాయిరాలో ఇప్పుడు అడుగు పెట్టేందుకు సమాధుల మధ్య సందు వెదకాలి. కాబట్టి నడుమ నాటమని ఎవరూ చెప్పడం లేదు. ప్రహరీ వెంబడి, నడకదారి అంచున, స్నానఘట్టం పక్కన నాటవచ్చు. ఆ చోటులలో ఇప్పుడు ఉన్నది సిమెంటే, సమాధులు కావు.

ముందు మురుగు కాలువల సంగతి చూడండి, తరువాత చెట్లు అనేవారి మాటలో న్యాయం ఉన్నది. 2020 అక్టోబరు వరదలలో పాతబస్తీ ఎంత నరకం చూసిందో మనం మరువలేము. నాలాల పూడిక తీయడమే మొదటి పని కావాలి, ఆ డబ్బును చెట్లకు మళ్ళించమని ఎవరైనా అంటే నేనే ఎదిరిస్తాను. కానీ ఒక వేపమొక్కకు కావలసినది గుంట, కంచె, రెండు వేసవుల నీరు. పలకలు పరిచిన నేల వాననీటిని నాలాకే తోస్తుంది, చెట్టు మొదట్లో విప్పిన నేల ఇంకించుకొంటుంది.

మెట్రోరైలు మార్గాన్ని పాతబస్తీ గుండా చంద్రాయణగుట్ట వరకు తీసుకుపోయే ప్రణాళికలో, దారి పొడుగునా ఉన్న వంద పైచిలుకు గుడులు, మసీదులు, దర్గాలు, శ్మశానాలకు హాని లేకుండా స్తంభాల చోటులు సర్దుతామని ఇంజనీర్లు ప్రకటించారు. రైలు స్తంభాన్నే జరపగలిగినప్పుడు దహనవాటిక కప్పును నాలుగడుగులు జరిపి చెట్టును ఉంచలేమా?

మన వంతు కూడా ఒకటున్నది. ఒక్క దహనానికి మూడు నాలుగు క్వింటాళ్ళ కట్టె కాలుతుంది. పదిమంది పుత్రులతో ఒక వృక్షం సమానమని మత్స్యపురాణం చెప్పింది. ఆ పుత్రుడిని నరికి ఈ పుత్రుడు నిప్పు పెడుతున్నాడు. పిడకలు ఎక్కువ వాడవచ్చు, గాలి తగిలేలా ఎత్తు వేదికపై చితి పేర్చి కట్టె తగ్గించవచ్చు. గ్యాసు మంట కూడా అగ్నియే కదా అని నా అభిప్రాయం. పెద్దలు ఒప్పుకోకపోతే బలవంతం లేదు. కానీ దశాహం ఖర్చులో ఒక మొక్కనూ దాని కంచెనూ చేర్చడానికి ఏ పురోహితుడూ అభ్యంతరం చెప్పడు. పాలరాతి పలక ధరకు నాలుగు మొక్కలకు రెండేళ్ళు నీరు పోయించవచ్చు. అక్కడే ఉండే కాటికాపరికి ఆ కూలి ముట్టజెబితే అతడే చూసుకొంటాడు.

ఏ మొక్క అన్నది కూడా పట్టించుకోవాలి. రోడ్ల నడుమ త్వరగా పచ్చబడుతుందని వరుసలుగా నాటిన కోనోకార్పస్ ఇక్కడ వద్దు. వేప, రావి, మేడి, మారేడు, జమ్మి కావాలి. కర్మ ముగిసినవారు కొరకడానికి వేపాకు ఉంటుంది. బేగంబజారు వైపు ఉత్తరాది కుటుంబాలవారు పోయినవారి దాహం తీరడానికి నీటికుండ కట్టేందుకు రావికొమ్మ ఉంటుంది. మేడిపండ్లకు పిట్టలు వస్తాయి.

మా బావ తల్లి సంవత్సరీకం వచ్చే మాఘంలో. ఈ వానలలోనే అక్కడ ఒక వేప, ఒక మేడి నాటాలని కమిటీవారికి రాసి ఇచ్చాము. ఆ నేల తమది కాదు, పాలకసంస్థ అనుమతి తెమ్మన్నారు. పాలకసంస్థవారు ఏ విభాగమో తేల్చుకొని చెబుతామన్నారు. కాగితం ఇప్పటికి రెండు బల్లలు దాటింది.